‘డ్రౌట్’, ‘ఫ్యామిన్’ – మన ‘కరవు’

మీ గ్రామమును గూర్చి ఆంగ్లమున పది వాక్యములు వ్రాయుడని ఎనిమిదవ తరగతి బాలబాలికలకు చెప్పినచో, అర్ధవీడు, కంభము, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పిల్లలలో పలువురు తప్పక వ్రాయు వాక్యమొకటి గలదు. ‘దేర్ ఈజ్ ఫ్యామిన్ ఇన్ అవర్ విలేజ్ ఎవ్రీ ఇయర్.’ వ్యాకరణదృష్టితో చూచినచో ఇందు దోషము లేదు. కర్త, క్రియ, కాలము అన్నియు సరిగనే యున్నవి. అయినను ఎఱ్ఱసిరాతో దిద్దవలసిన వాక్యమే. ఏలయన, ‘మా యూర ఏటేట జనులు అన్నము లేక మరణించుచున్నారు’ అని దాని యర్థము. ఆ బిడ్డ చెప్పదలచినది అది కాదు. వాన కురియలేదు, బోరు ఎండినది, కంది పూత రాలినది, తండ్రి అప్పు చేసినాడు అని చెప్పదలచి, ఇంటి మాటయైన ‘కరవు’ను నిఘంటువున వెదకి, అందు మొదట కనబడిన ఆంగ్లపదమును తెచ్చి పెట్టినాడు. నిఘంటువు అబద్ధమాడలేదు. పిల్లవాడును అబద్ధమాడలేదు. వాక్యము మాత్రము అబద్ధమైనది.

ఇది ఒక్క మాట దిద్దుటతో తీరునది కాదని నా యభిప్రాయము. ‘డ్రౌట్’, ‘ఫ్యామిన్’ అను ఈ రెండు పదములకు గల భేదము మన సీమవారికి తెలిసినంత ఉపయోగము మరియే సీమవారికిని కాదు. అందుచేత విద్యార్థులకే గాక తలిదండ్రులకును పనికివచ్చునని తలచి దీనిని వ్రాయుచున్నాను.

మొదట ఉచ్చారణ చెప్పుకొందము. ‘డ్రౌట్’ అను మాటయందలి ‘జి’, ‘హెచ్’ అక్షరములు పలుకవు. అది ‘అవుట్’ అను మాటతో ప్రాస కలియును. దీనిని ‘డ్రాఫ్ట్’ అని చదువు పిల్లలున్నారు. డ్రాఫ్టనగా బ్యాంకులో సొమ్ము పంపు కాగితము; అది వచ్చిన యింట కరవుండదు. ‘ఫ్యామిన్’ చివర ‘మైన్’ అని దీర్ఘము తీయరాదు.

ఇక పుట్టుక. ‘డ్రౌట్’ అచ్చమైన పాత ఆంగ్లపు మాట. ‘డ్రై’, అనగా ఎండినది, అను పదమునకు ఇది తోబుట్టువు. ‘ఫ్యామిన్’ లాటిను భాషనుండి ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లమునకు వచ్చినది; దాని మూలమున కర్థము ఆకలి. ఈ రెండు పుట్టుకలను జ్ఞాపకముంచుకొన్న విద్యార్థి తక్కిన వ్యాసమును చదువకున్నను మార్కులు పోగొట్టుకొనడు. మొదటిది నేలకు వచ్చునది. రెండవది కడుపునకు వచ్చునది. చేను ‘డ్రౌట్’ పాలగును గాని ‘ఫ్యామిన్’ పాలు కాదు. ఆకలితో నకనకలాడు మనుష్యుని ‘ఫ్యామిష్డ్’ అందురు. ఎండిన పొలమును ఆ మాటతో చెప్పరు. మనుష్యుడు ఒక్కడైనను లేని ఎడారిలో ‘డ్రౌట్’ రావచ్చును. ‘ఫ్యామిన్’ రావలెనన్న అచ్చట మనుష్యులుండవలెను.

క్రీడల పుటలను చదువు బాలురకు మరియొక గుర్తు చెప్పెదను. విరాట్ కోహ్లీ 2019 నవంబరు తరువాత 2022 సెప్టెంబరు వరకు అంతర్జాతీయ పోటీలలో శతకము చేయలేదు. దానిని ఆంగ్ల పత్రికలు శతకముల ‘డ్రౌట్’ అని వ్రాసినవి. ‘ఫ్యామిన్’ అని వ్రాయలేదు. రావలసినది కొంతకాలము రాకపోవుట మాత్రమే అక్కడ విషయము. ఆ యాటగాడు పస్తులుండలేదు గదా!

మన భాషలో ఈ భేదము లేదనుకొనుట పొరపాటు. గ్రంథభాషయందు ఉన్నది. వాన లేకుండుటను ‘అనావృష్టి’ యనిరి. తిండి లేకుండుటను ‘క్షామము’, ‘దుర్భిక్షము’ అనిరి. ‘దుర్భిక్షము’ అను మాటను విప్పి చూడుడు: భిక్ష దొరకని కాలమని అర్థము. అనగా వాన సంగతి యందు లేనేలేదు. ఒకడు చేయి చాచినప్పుడు వేరొకడు పెట్టజాలని, లేక పెట్టని, స్థితి యది. మన పెద్దలు ఈతిబాధలని ఆరింటిని లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగు రాజులు. ఈ యారింటిలో అనావృష్టి యున్నది, దుర్భిక్షము లేదు. దుర్భిక్షము ఈతి కాదు, ఈతుల వలన కలుగగల ఫలమని వారెఱుగుదురు. ఎలుకలను పొరుగు రాజులను ఒకే వరుసలో నిలిపిన ఆ పట్టికను చూచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును గాని, అది తెలివిగల పట్టికయే.

వాడుక భాషయందు మాత్రము ఇవన్నియు ‘కరవు’ అను ఒక్క మాటలో కలిసిపోయినవి. (మనవారు ‘కరువు’ అని పలుకుదురు, రెండును గలవు.) ప్రభుత్వమువారు ‘కరవు మండలము’ అన్నప్పుడు అది ‘డ్రౌట్’. ఉద్యోగుల జీతములో ‘కరవు భత్యము’ అన్నప్పుడు అది ధరల పెరుగుదల. తాతలు ‘ధాత కరవు’ అన్నప్పుడు అది ‘ఫ్యామిన్’. ‘కరవులో అధికమాసము’ అను సామెతలోని కరవు ఏది? గాదెలోని గింజలు పండ్రెండు నెలలకే చాలక యుండగా పదమూడవ నెల వచ్చి పడినదని గదా దాని భావము. అక్కడ ఆకాశము ప్రసక్తి లేదు. గాదె ప్రసక్తి యున్నది.

ఈ మధ్యనున్న ధరల కరవునకును ఆంగ్లమున ఒక మాట గలదు. అది ‘డెర్త్’. ‘వార్మ్’ నుండి ‘వార్మ్‌త్’ వచ్చినట్లు ‘డియర్’ నుండి ‘డెర్త్’ వచ్చినది. ఉత్తరము మొదట ‘డియర్ ఫాదర్’ అని వ్రాయు ‘డియర్’ ఇదియే. ఆ మాటకు ప్రియమైన అనియు, వెల హెచ్చిన అనియు రెండర్థములు. తెలుగులోను అట్లే కాదా? ‘బియ్యము ప్రియమైనవి’ అని సంతలో అనుకొనుట మనమెఱుగనిది కాదు. ఎక్కడి ఆంగ్లేయులు, ఎక్కడి మనము! వెల పెరిగిన వస్తువును ప్రియమైనదనుట ఇరువురకును తోచినది. కాబట్టి ఆంగ్లమున మెట్లు మూడు: వాన తప్పుట, వెల పెరుగుట, కడుపు మాడుట. తెలుగు వాడుకలో మూడు మెట్లకును ఒక్కటే పేరు. పేరొక్కటి యగుటచే, మొదటి మెట్టున నిలిచినవాడు మూడవదానిమీద పడక తప్పదని మనకు తోచుచుండును. ఈ భ్రమయే నాకు భయము కలిగించునది.

మొదటి మెట్టు నుండి మూడవదానికి పోవుట అనివార్యము కాదు. ఆదికాండమున యోసేపు చరిత్రను చదివిన పిల్లలకిది క్రొత్త కాదు. ఏడేండ్లు పంట లేకుండుట ఐగుప్తునకును వచ్చినది, చుట్టుప్రక్కల దేశములకును వచ్చినది. కాని ఐగుప్తున రొట్టె యుండెను, కనానునందు లేకపోయెను. భేదము ఆకాశమున లేదు. సమృద్ధికాలమున పట్టణములలో ధాన్యము కూడబెట్టిన కొట్లయందున్నది.

మూడవ మెట్టు మొదటిది లేకయే వచ్చుటయు కలదు. ఐర్లండు దేశమున 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు తగిలెను. అది తేమకు పెరుగు తెగులు. అక్కడ లోపించినది వాన కాదు. తరువాతి యేండ్లలో ఆకలిచేతను రోగములచేతను సుమారు 10 లక్షలమంది మరణించిరి. మరి సుమారు 10 లక్షలమంది దేశము విడిచి పోయిరి. ఆ కాలమందే ఐర్లండు రేవులనుండి ఆహారపదార్థములు ఓడలకెక్కుచుండెను. మన దేశముననే 1943లో వంగరాష్ట్రమును చూడుడు. బర్మా జపానువారి వశమైనది; 1942 అక్టోబరులో తుపాను వచ్చినది; యుద్ధపు వ్యయములచే ధరలు మిన్నంటినవి. ఆ యేటి ధాన్యపు రాశి అంతకుముందు ఐదేండ్ల సగటుకంటె నూటికి సుమారు ఐదు పాళ్లు మాత్రమే తక్కువయనియు, కరవు లేని 1941కంటె ఎక్కువయే యనియు అమర్త్యసేన్ 1981లో తన గ్రంథమున లెక్కగట్టి చూపెను. కూలివాండ్రు, జాలరులు, చేతిపనివారు ఆ ధరకు కొనలేక మరణించిరి. మృతుల సంఖ్య 20, 30 లక్షలని చెప్పుదురు. గాంధీనగరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2019లో వెనుకటి క్షామములనన్నిటిని నేలలోని తేమ లెక్కలతో పోల్చి చూచి, 1943 నాటిది నేల యెండుట వలన వచ్చినది కాదని తేల్చిరి. అనగా అది ‘డ్రౌట్’ లేని ‘ఫ్యామిన్’.

దీనికి ఎదురు ఉదాహరణమును మన పొరుగుననే యున్నది. మహారాష్ట్రమున 1972-73లో వానలు ఘోరముగా తప్పినవి. 1973 వేసవిలో ప్రభుత్వపు పనులలో 50 లక్షలకు దగ్గరగా జనులు కూలి చేయుచుండిరి. చేలు ఎండినవి, జనులు మాత్రము వెనుకటి క్షామములలోవలె గుంపులుగా రాలిపోలేదు. అది ‘ఫ్యామిన్’ కాని ‘డ్రౌట్’.

మన సీమ చరిత్రకు వత్తము. మన పెద్దలు సంవత్సరపు పేరుతోనే కరవులకు పేర్లు పెట్టిరి. 1832-33 నాటి గుంటూరు క్షామము నందన కరవు. 1876-78 నాటిది ధాత కరవు. అప్పుడు కంభము, మార్కాపురము కర్నూలు జిల్లాలోనివి. ప్రకాశము జిల్లా 1970లో గాని యేర్పడలేదు. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ధాత కరవునకు అందఱికంటె మిక్కిలి బలియైనవి. కర్నూలు జిల్లాలో 1871 జనాభాకంటె 1881 జనాభా సుమారు నాల్గవ వంతు తగ్గినది. తరగతిలో నలుగురు కూర్చుండు బల్లమీద ఒకని స్థలము ఖాళీయైనదని ఊహించుకొనుడు. బ్రిటిషు పాలనలోని ప్రాంతములన్నిటను మృతులు 50 లక్షలకు తక్కువ కాదని చరిత్రకారుల లెక్క.

1876లో వాన తప్పిన మాట నిజము. దానిని ఎవ్వరును కాదనరు. కాని 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదమిచ్చుటకై దర్బారు జరిగినది. ఆ నెలలోనే వైస్రాయి లిట్టన్ పంపగా రిచర్డు టెంపుల్ మద్రాసునకు వచ్చి, కరవు పనులలో మగకూలికి దినమునకు ఒక పౌను గింజలును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. అది రాళ్లు మోయువానికి చాలదని మద్రాసు పారిశుధ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. అట్లు వాదము నడుచుచుండగనే ఈ దేశపు గోధుమలు ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెను. వాన ఎందుకు తప్పినదని అడిగినచో ఎవరును సమాధానము చెప్పజాలరు. ఒక పౌను చాలునని ఎందుకు తలచిరని అడిగినచో, అడుగబడినవాడు ఒకడున్నాడు.

నేను చెప్పదలచిన విషయమెల్ల ఇక్కడనే యున్నది. ఈ రెండు మాటలు రెండు వేర్వేరు ప్రశ్నలు. ‘డ్రౌట్’ అన్నప్పుడు అడుగవలసినది: వాన ఎప్పుడు తప్పినది, ఎంత తప్పినది? ‘ఫ్యామిన్’ అన్నప్పుడు అడుగవలసినది: తిండి ఎవరియొద్ద నున్నది, ఇతనికి ఎందుకు అందలేదు? మొదటి ప్రశ్నను అడిగి ఊరకున్నవాడు రెండవదానికి సమాధానము చెప్పవలసినవారిని తప్పించినవాడగును.

ధాత కరవునాడు ఒంగోలు ప్రాంతమున జరిగిన దానిని మిషను బడుల పిల్లలు వినియే యుందురు. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొర, అప్పుడు త్రవ్వబడుచుండిన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి యిచ్చి త్రవ్వించెను. పని నడుచుచుండిన కాలమున బాప్తిస్మములను ఆపివేసెను. కూలికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని. దాని తరువాత 1878 జులై 3వ తేదీన 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము జరిగిన సంగతి ప్రసిద్ధము. మన ప్రస్తుత విషయమునకు కావలసినది అది కాదు, ఆ కాలువ. ఆయన వాన కురిపించలేదు. ‘డ్రౌట్’ను తీర్పలేదు. ‘ఫ్యామిన్’ను మాత్రము ఆ మూడున్నర మైళ్ల మేర నిలిపెను.

ఈ కూలిపనులకు మన ప్రజలు పెట్టిన పేరు నేటికిని చెడలేదు. ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన తెలుగుసీమయైన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. దానికి చట్టము పెట్టిన పేరు ఎంత పొడవైనను, మన యూళ్లలో దానిని ‘కరువు పని’ యనియే పిలిచిరి. నూట ముప్పది యేండ్ల వెనుకటి పేరు అది! వాన బాగుగా కురిసిన యేటను ‘కరువు పనికి పోతిమి’ అని చెప్పుకొనిరి. చట్టము వ్రాసినవారికంటె ఈ కూలివాండ్రకే చరిత్ర బాగుగా జ్ఞాపకమున్నట్లున్నది.

ఇక ప్రభుత్వములు ఈ మాటలతో చేసిన పనులను చూతము. 1880లో క్షామ విచారణ సంఘము నివేదిక యిచ్చిన పిమ్మట, 1883లో క్షామ నిబంధనావళి యేర్పడినది. అందు కొఱత యొకటి, క్షామమొకటి. క్షామమని ప్రకటించినచో అధికారులు చేయవలసిన పనులు ఇన్నియని నిర్ణయింపబడెను. మాట పలికినచో ఖర్చు తప్పదు. అందుచేత మాట పలుకుటకే జంకు పుట్టుట సహజము. మహారాష్ట్ర ప్రభుత్వమువారు 1963లో ఏకముగా ఒక చట్టము చేసి, తమ రాష్ట్రపు చట్టములన్నిటినుండి ‘ఫ్యామిన్’ అను మాటను తొలగించిరి. తమ రాష్ట్రమున ఆ స్థితి ఇక రానీయమని దాని భావము. పదేండ్లకు వచ్చిన 1972-73 అనావృష్టిలో వారు ఆ మాట నిలుపుకొనిరనియే చెప్పవచ్చును. అయినను చట్టము చేసి మాటను కొట్టివేయుట నాకు నచ్చినది కాదు. వ్యాధి పేరును వైద్యగ్రంథమునుండి తీసివేసినంతనే వ్యాధి మానదు.

‘డ్రౌట్’ గతియు ఇంచుమించు అట్లే యైనది. సాధారణ వర్షపాతమునకంటె నూటికి 26 మొదలు 50 వరకు తగ్గినచో మధ్యరకపు ‘డ్రౌట్’ అనియు, అంతకు మించి తగ్గినచో తీవ్రమైన ‘డ్రౌట్’ అనియు భారత వాతావరణ శాఖవారి కొలత. అట్టి శాఖవారే 2016లో దేశమంతటి వర్షపు లెక్క చెప్పునప్పుడు ఆ మాటను వదలి ‘లోటు సంవత్సరము’ అను మాటను పట్టిరి. వాన కొలుచు శాఖ వాననే చెప్పవలెను గాని, చేను సంగతి చెప్పుట తన పని కాదన్నచో ఆ వాదమున న్యాయము లేకపోలేదు. మండలములవారీగా కరవును ప్రకటించుట రాష్ట్ర ప్రభుత్వపు పని. కాని ‘లోటు’ అన్నంతనే కోశాధికారి పద్దు జ్ఞాపకము వచ్చును. ఎండిన బావి జ్ఞాపకము రాదు.

అయితే అర్ధవీడును ఏమని వ్రాయవలెను? ‘ఫ్యామిన్’ అని వ్రాయరాదు. చౌకబియ్యము, బడిలో మధ్యాహ్న భోజనము, కూలిపని ఈ మెట్లమధ్య అడ్డుగోడలుగా నిలిచినవి. రెండు రూపాయల కిలో బియ్యము ఆంధ్రదేశమున 1983లో వచ్చినది. మధ్యాహ్న భోజనము చరిత్ర పిల్లలు తెలిసికొనదగినది. 2001లో కొన్ని రాష్ట్రములలో వాన తప్పి జనులు పస్తులుండగా, ప్రభుత్వపు గిడ్డంగులలో ధాన్యము పట్టక మూలుగుచుండెను. ఇదెట్లు న్యాయమని ఒక ప్రజాసంఘము సుప్రీముకోర్టుకు పోయెను. అదే యేడు నవంబరు 28వ తేదీన, ప్రభుత్వపు బడులలోను ఎయిడెడ్ బడులలోను ప్రాథమిక తరగతుల పిల్లలకు వండిన యన్నము పెట్టవలెనని కోర్టు ఉత్తరువిచ్చెను. ఆ కోర్టులో అడుగబడినది రెండవ ప్రశ్న, మొదటిది కాదు. అందుచేతనే అన్నము వచ్చినది.

‘డ్రౌట్’ అని వ్రాయవచ్చును. కాని ఆ మాట వ్రాసి కలము క్రింద పెట్టుటకును నేను ఒప్పుకొనను. మన సీమలో ఏది తక్కువైనను ‘వానలు లేవు’ అను ఒక్క మాటతో సమాధానపడుట పెద్దలకు అలవాటైనది. పెద్ద మనుష్యులకు ఇంతకంటె సుఖమైన సమాధానము లేదు. ఆకాశముమీద ఎవరును వ్యాజ్యము వేయరు గదా. విజయనగరపు కాలమువారికి ఈ సుఖము తెలిసినట్లు లేదు. వారు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్ట వేసి కంభము చెరువును కట్టిరి. గజపతుల ఆడుబిడ్డయైన వరదరాజమ్మ కట్టించినదని చెప్పుదురు. ఆనాడును ఈ సీమలో వానలు ఇప్పటివలెనే నమ్మరానివి. నమ్మరానివి గనుకనే చెరువు కట్టిరి.

మన కాలపు చెరువు వెలిగొండ. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణ నీటిని నల్లమల క్రిందుగా రెండు సొరంగములలో తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అను మూడు కనుమలను మూసి నిలువజేయవలెనని సంకల్పము. కాకర్ల మన మండలములోనిదే. పూల సుబ్బయ్య పేరు గల ఈ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్క సొరంగము పొడవు ఇంచుమించు 19 కిలోమీటర్లు. రెండవదాని త్రవ్వకము ముగియునప్పటికి 2024 జనవరి వచ్చినది. 4,47,000 ఎకరములకు సాగునీరు, 15 లక్షలమందికి త్రాగునీరు దాని గురి. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ సొరంగము ముగియునాటికి ఇరువది యెనిమిదవ యేట నుండును. ఈ ఇరువది యెనిమిదేండ్లను ‘డ్రౌట్’ అందుమా? అది ఆకాశము చేసిన జాగు కాదు.

మరియు సంక్రాంతి దాటిన పిమ్మట మన తరగతులలో కొన్ని బల్లలు ఖాళీయగును. తలిదండ్రులు మిరపకాయల కోతకు గుంటూరు, పల్నాడు సీమలకు పోవుచు పిల్లలను వెంట తీసికొని పోవుదురు. కొందరు బెంగుళూరు, హైదరాబాదులలో ఇండ్లు కట్టు పనికి పోవుదురు. ఆ పిల్లవాడు ఆకలితో లేడు. కాబట్టి ‘ఫ్యామిన్’ కాదు. వాన కురిసిన యేటను పోవుచున్నాడు; కాబట్టి ఒక్క ‘డ్రౌట్’ కాదు. అతని గైరుహాజరునకు ఆ రెండు మాటలలో ఏదియు చాలదు. హాజరుపట్టీలో కారణము వ్రాయు గడియున్నచో, అందు ‘కరవు’ అని వ్రాసి తృప్తిపడుటకంటె ‘కోతకు పోయెను, మార్చి 20కి వచ్చును’ అని వ్రాయుట మేలు. అప్పుడు ఉపాధ్యాయుడు ఆ పిల్లవానికి పోయిన పాఠములను ఎప్పుడు చెప్పవలెనో ఆలోచించును. తండ్రియు అవ్వ యొద్ద నుంచి పోవుటకు వీలున్నదేమో, వసతిగృహమున చోటున్నదేమో విచారించును. ‘కరవు’ అని వ్రాసినచో ఇరువురును నిట్టూర్చి ఊరకుందురు.

కాబట్టి ఎనిమిదవ తరగతివారు ఇకమీద తమ గ్రామమును గూర్చి వ్రాయునప్పుడు మొదట చెప్పిన వాక్యమును విడిచి, జరిగినది జరిగినట్లు చిన్నచిన్న వాక్యములలో వ్రాయవలెను. ‘దేర్ వాజ్ ఎ డ్రౌట్ లాస్ట్ ఇయర్. అవర్ బోర్‌వెల్ వెంట్ డ్రై. మై ఫాదర్ వెంట్ టు బెంగళూర్ ఫర్ వర్క్.’ వీనికి పూర్తి మార్కులు. అయితే ‘డ్రౌట్’ ముందరి ‘ఎ’ను మరువరాదు. ఫలానా యేట వచ్చి పోయిన ఒక అనావృష్టిని చెప్పునప్పుడు అది యుండవలెను. లేకున్న అర మార్కు తగ్గును.